వ్యాగ్-9కీ వ్యాప్-7కీ తేడా గేరొక్కటేనా? 9హెచ్, 9హెచ్‌సీ, 9హెచ్‌హెచ్ లెక్కేంటి?

అత్తిలి అరుగు:

నమస్కారమండీ. మన గుడివాడ–భీమవరం–నిడదవోలు లైను, నరసాపురం బ్రాంచీ డబ్లింగై కరెంటు తీగ పడ్డాక ఇటు కూడా రకరకాల ఎలక్ట్రిక్ ఇంజన్లు వస్తున్నాయి. ఎక్స్‌ప్రెస్‌లకు తెల్ల వ్యాప్-7, గూడ్సులకు ఆకుపచ్చ వ్యాగ్-9. అప్పుడప్పుడూ పాసింజరు బండికి కూడా వ్యాగ్-9 కట్టి కనిపిస్తోంది. రెండూ చూపుకి అన్నదమ్ముల్లా ఉన్నాయి, పొడవూ అదే, ఆరు ఇరుసులూ అవే. ఎవరినడిగినా "గేరు మారిస్తే ఇది అది అయిపోద్ది" అంటున్నారు. నా సందేహాలివీ.

ఒకటి, నిజంగా గేరొక్కటేనా? అలాగైతే ఒకదాని లాగుడు 460 కిలోన్యూటన్లు, రెండోదానికి 322 అని రాస్తారెందుకు, మోటార్లు అవే అయినప్పుడు? రెండు, 9 వెనకాల హెచ్, హెచ్‌సీ, హెచ్‌హెచ్ అని పెడుతున్నారు, వాటిలో మారిందేంటి? మూడు, గూడ్సు ఇంజను పాసింజరుకి కడితే ఇబ్బందేం లేదా? తెలిసినవాళ్లు అంకెలతో చెబితే బావుంటుంది.

నిడదవోలు కేబిన్:

మొదటి ప్రశ్నకి నా జవాబు: అవునండీ, గేరే. మీరడిగిన 460కీ 322కీ మధ్య లెక్క కూడా గేరులోనే ఉంది. చూడండి.

రెండిట్లోనూ ట్రాక్షన్ మోటారు 6ఎఫ్‌ఆర్‌ఏ 6068. మూడు ఫేజుల ఇండక్షన్ మోటారు, ఒక్కోటి 850 కిలోవాట్లు, ఇంజనుకి ఆరు. మోటారు షాఫ్టు మీద చిన్న పళ్లచక్రం, అదే పినియన్. ఇరుసు మీద పెద్ద గేరు. వ్యాగ్-9లో పెద్దదానికి 77 పళ్లు, పినియన్‌కి 15. వ్యాప్-7లో 72, 20. మొదటిది భాగిస్తే 5.133, రెండోది సరిగ్గా 3.6.

ఇప్పుడు 3.6ని 5.133తో భాగించండి, 0.7013 వస్తుంది. వ్యాగ్-9 ఏ లాగుడు అంకెనైనా దీంతో గుణిస్తే వ్యాప్-7 అంకె వచ్చేస్తుంది. కదిలేటప్పుడు గరిష్ఠ లాగుడు 460 × 0.7013 = 322.6. గంటల తరబడి ఇవ్వగలిగే లాగుడు వ్యాగ్-9కి 50 కి.మీ. వేగం దగ్గర 325, వ్యాప్-7కి 71 కి.మీ. దగ్గర 228. రీజనరేటివ్ బ్రేకు (మోటార్లనే జనరేటర్లుగా తిప్పి ఆపేది) వ్యాగ్-9కి 260, వ్యాప్-7కి 182. మూడింట్లోనూ నిష్పత్తి ఒక్కటే. వేగం అటునుంచి ఇటు తిరగేస్తే సరి: 100ని 0.7013తో భాగిస్తే 142 చిల్లర, పుస్తకంలో 140 అని ఉంటుంది. 1092 మి.మీ. కొత్త చక్రంతో లెక్కేస్తే, వ్యాగ్-9 వందలో ఉన్నా వ్యాప్-7 నూటనలభైలో ఉన్నా మోటారు నిమిషానికి తిరిగే చుట్లు 2,450–2,500 మధ్యే. మోటారుకి తెలిసింది దాని చుట్లూ దాని టార్కూ అంతే. ఆ పనిని లాగుడుగా వాడుకోవాలా, పరుగుగా వాడుకోవాలా అని తేల్చేది గేరు.

ఇంకో సంగతి గమనించండి. 77 + 15 = 92. 72 + 20 = 92. మొత్తం పళ్లు సమానం కాబట్టి మోటారు షాఫ్టుకీ ఇరుసుకీ మధ్య దూరం మారక్కర్లేదు. అదే బోగీ ఫ్రేము, మోటారు కూర్చునే చోటూ అదే. (బోగీ అంటే ఇక్కడ కింది చక్రాల చట్రం, ప్రయాణికుల పెట్టె కాదు.) డిజైను చేసినవాళ్లు ఇది ఆలోచించే చేశారు. నాకు ఈ ఇంజన్లలో అన్నిటికంటే నచ్చేది ఇదే.

అలాగని "గేరు మార్చేస్తే చాలు" అనేది మధ్యాహ్నం మొదలెట్టి సాయంత్రానికి ముగించే పని కాదు. పినియన్‌ని వేడిచేసి షాఫ్టు మీదకు ఎక్కించి బిగిస్తారు. పెద్ద గేరు ఇరుసు మీద ప్రెస్సుతో దిగగొట్టి ఉంటుంది. అంటే ఆరు వీల్‌సెట్లూ బయటికి రావాలి, ఆరు మోటార్లూ దిగాలి, గేరుకేసులు చూసుకోవాలి. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్. మోటారు ఎన్ని చుట్లు తిరుగుతోందన్నది మోటారులోని సెన్సార్లే కంట్రోలు ఎలక్ట్రానిక్సుకి చెబుతాయి, దాన్ని బండి వేగంగా మార్చుకోడానికి గేరు నిష్పత్తీ చక్రం వ్యాసమూ కావాలి. 5.133 అని ఉన్న ప్రోగ్రాముని 3.6 గేరు మీద నడిపితే అది వంద అనుకునేటప్పటికి బండి నూటనలభై రెండులో ఉంటుంది. అందుకే పారామీటర్లూ లాగుడు వక్రమూ బ్రేకు వక్రమూ అన్నీ మార్చాలి.

సామర్లకోట లూప్‌లైన్:

పైన చెప్పింది బాగుందండీ. దానికి తోడు, వ్యాప్-7తో బొగ్గు రేకు (ఒకటిగా కట్టిన వ్యాగన్ల వరస) ఎందుకు లాగించరో కూడా లెక్క కట్టొచ్చు.

కాకినాడ పోర్టు వైపు నుంచి వచ్చే నిండు బాక్స్‌ఎన్ (పైకప్పులేని బొగ్గు వ్యాగన్ల) రేకు తీసుకోండి. ఒక్కో వ్యాగను మొత్తం బరువు 81.28 టన్నులు, 58 వ్యాగన్లంటే దాదాపు 4,714 టన్నులు. ఆగి ఉన్న గూడ్సు కదలాలంటే టన్నుకి 4 కిలోల బలం అని లెక్క వేస్తారు, అది 185 కిలోన్యూటన్లు. మన డెల్టాలా చదునైన చోట ఇంజను సొంతానికి ఇంకో ఏడు కలుపుకున్నా వ్యాప్-7 దాన్ని కదిలించగలదు. కానీ 200 మీటర్లకు ఒక మీటరు ఎక్కే చోట సిగ్నల్ పడి ఆగిందనుకోండి. ఎక్కుడు ఒక్కదానికే ఇంకో 231 కావాలి, ఇంజను బరువు కూడా కలిపితే మొత్తం 430 దగ్గరకొస్తుంది. వ్యాగ్-9 460తో కదులుతుంది. వ్యాప్-7 322తో అక్కడే నిలబడిపోతుంది. రేకు డెల్టాలో ఎక్కినా వెళ్లేది డెల్టాలోనే కాదు కదా, దారిలో ఉన్న అతి గట్టి ఎక్కుడుని బట్టే ఇంజన్ని కేటాయించాలి.

ఇక హెచ్‌ల సంగతి.

మూలం వ్యాగ్-9. 1993లో ఏబీబీ కంపెనీతో ఒప్పందమైంది, 1996లో మొదటివి దేశంలో దిగాయి, 1998 నవంబరులో చిత్తరంజన్‌లో తొలి స్వదేశీ ఇంజను తయారైంది, పేరు నవయుగ్. బరువు 123 టన్నులు, ఇరుసుకి 20.5. వ్యాప్-7 దాని తర్వాత చిత్తరంజన్‌లోనే ఈ వేదిక మీద పుట్టింది, నంబర్లు 30201 నుంచి మొదలు.

9హెచ్ అంటే అదే ఇంజనుకి 9 టన్నుల అదనపు బరువు వేసి 132 చేసినది, ఇరుసుకి 22. బరువెందుకంటే, ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద ఎంత పట్టు దొరికితే అంతే లాగగలదు. 460ని 123 టన్నుల బరువుతో పోలిస్తే 0.38. ఉక్కు మీద ఉక్కుకి ఇది చాలా ఎక్కువ పట్టు, ప్రతి జారుడునీ కంట్రోలు క్షణాల్లో పట్టుకుంటేనే అంత దక్కుతుంది. హెచ్‌లో లాగుడు 510 వరకూ పోయింది. ఒక్క బరువు పెంచినందుకు వచ్చేది 494 దగ్గర, మిగతాది కంట్రోలులోంచి తీసింది. వ్యాప్-7కి మాత్రం ఈ గొడవ లేదు. 322ని 123 టన్నులతో పోల్చండి, 0.27. పట్టు మిగిలే ఉంటుంది, అందుకే దానికి అదనపు బరువు వేయాల్సిన పని పడలేదు.

9హెచ్‌సీ అంటే హెచ్ శరీరం, లోపల కన్వర్టరు (తీగలోంచి వచ్చే కరెంటుని మోటార్లకి కావాల్సిన మూడు ఫేజుల కరెంటుగా మార్చేది) వేరు. దాంట్లో కరెంటుని తెరిచి మూసే ఎలక్ట్రానిక్ స్విచ్చులు పాతవాటిలో జీటీవో థైరిస్టర్లు, వీటిలో ఐజీబీటీలు. జీటీవోని ఆపాలంటే గేటుకి పెద్ద వెనక్కి కరెంటు కొట్టాలి, దానికి బరువైన గేట్ యూనిట్లు, స్నబ్బర్లు (వోల్టేజీ ఎగిసిపడకుండా కాచేవి) కావాలి, పాడయ్యేవి కూడా ఎక్కువగా అవే. ఐజీబీటీ చిన్న వోల్టేజీతో తెరుచుకుని మూసుకుంటుంది, ఎక్కువసార్లు స్విచ్ చేయొచ్చు, మోటారులోకి పోయే కరెంటు నున్నగా ఉంటుంది. స్టేషనులో కదిలేటప్పుడు స్వరం మెట్లుమెట్లుగా మారుతూ మూలిగే ఇంజను జీటీవోది. ఐజీబీటీది సన్నగా, దాదాపు తెంపు లేకుండా ఉంటుంది. కళ్లు మూసుకుని కూడా చెప్పేయొచ్చు.

9హెచ్‌హెచ్ 9,000 హార్స్‌పవరు. ఆరు ఇరుసులే, 132 టన్నులే, మోటార్లూ కన్వర్టర్లూ ట్రాన్స్‌ఫార్మరూ పెద్దవి. ఇక్కడ చాలామంది పొరబడతారు. హార్స్‌పవరు ఒకటిన్నర రెట్లయింది కాబట్టి ఒకటిన్నర రెట్లు బరువు కదిలిస్తుంది అనుకుంటారు. కాదు. కదిలించేది బరువూ పట్టూ, అవి పెద్దగా మారలేదు. హార్స్‌పవరు పనికొచ్చేది కదిలాక, అదే రేకుని ఇంకా ఎక్కువ వేగంతో లాక్కుపోవడానికి. కదిలించే బలం నిజంగా పెరగాలంటే ఇరుసులు పెంచాలి, మధేపురాలో చేసే వ్యాగ్-12బీ దారి అది: రెండు ముక్కలు, ఎనిమిది ఇరుసులు, 180 టన్నులు, 12,000 హార్స్‌పవరు. అది వేరే కుటుంబం, వ్యాగ్-9 రకం కాదు.

పాంటో పైకి:

మూడో ప్రశ్నకి. పాసింజరుకి వ్యాగ్-9 కట్టడంలో రైలు నడవడానికి ఇబ్బందేమీ లేదు, వంద దాటనంతవరకూ. ఆగి ఆగి పోయే బండికైతే లాగుడు ఎక్కువున్న ఇంజను చురుగ్గానే ఎత్తుకుంటుంది.

అడ్డొచ్చేది పెట్టెల్లోకి వెళ్లే కరెంటు. పాత ఐసీఎఫ్ రకం పెట్టెలకి కింద సొంత ఆల్టర్నేటరు ఉంటుంది కాబట్టి ఏ ఇంజనైనా ఒకటే. కొత్త ఎల్‌హెచ్‌బీ రకం పెట్టెల రేకుకి కరెంటు బయటినుంచి రావాలి. వ్యాప్-7లో అందుకోసమే 500 కేవీఏ హోటల్ లోడు (పెట్టెల్లోని లైట్లు, ఏసీల వాడకం) కన్వర్టర్లు రెండుంటాయి. 750 వోల్టుల మూడు ఫేజుల కరెంటు రెండు ఫీడర్లలో రైలు పొడుగునా పోతుంది, ఒక్కో ఏసీ పెట్టెలో 60 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు దాన్ని 415కి దించుతుంది. వ్యాగ్-9లో ఈ ఏర్పాటు లేదు. దాన్ని కడితే పవర్‌కారులోని డీజిల్ జనరేటరు తిప్పాల్సిందే.

హోటల్ లోడు ఎక్కకపోతే ముందు చూడాల్సింది కన్వర్టర్ని కాదండీ, ఇంజనుకీ మొదటి పెట్టెకీ మధ్య కప్లర్లని, అంటే కరెంటు కేబుళ్ల ప్లగ్గులని. ప్లగ్గు పూర్తిగా దిగి లాకు పడకపోతే ఇంటర్‌లాకు పూర్తవదు, కన్వర్టరు మొదలే కాదు. వానాకాలంలో మూత సరిగా వేయని ఖాళీ కప్లరులోకి నీళ్లు పోతే పిన్నుల మధ్య మాడిపోతుంది. వాడని వైపు కూడా మూతలు బిగించి ఉండాలి. రైలు తోక దగ్గర కప్లర్లని ఎవరూ పట్టించుకోరు, మాడేవి ఎక్కువగా అవే.

ఏసీ పెట్టెలో కూర్చున్నప్పుడు కాసేపు బ్లోయరు ఆగి మళ్లీ మొదలైతే అది లోపం కాదు. న్యూట్రల్ సెక్షను, అంటే పైతీగలో కరెంటు లేని చిన్న ముక్క. 500 మీటర్ల ముందు ఒక బోర్డు, 250 దగ్గర ఇంకోటి, తర్వాత తెరవమని బోర్డు వస్తుంది. అక్కడికి పైలట్ (డ్రైవరు) లాగుడు సున్నాకి తెచ్చి వీసీబీ (తీగనుంచి ఇంజనులోకి వచ్చే కరెంటుని ఆపే పెద్ద బ్రేకరు) తెరుస్తారు, దాటాక మూస్తారు. వీసీబీ తెరిస్తే హోటల్ లోడు కూడా పోతుంది. లైట్లు బ్యాటరీ మీద ఉంటాయి.

అత్తిలి అరుగు:

చాలా థాంక్సండీ అందరికీ. 92 పళ్ల సంగతి నేనెప్పుడూ వినలేదు. ఇంకొక్కటి. "ఒక బోగీ కట్ చేసి తెచ్చారు" అంటారు గూడ్సులు ఆలస్యమైనప్పుడు. ఒక మోటారు పోతే మూడు మోటార్లు ఎందుకు ఆపాలి? ఐదుతో తేవచ్చు కదా?

నిడదవోలు కేబిన్:

ఈ కుటుంబంలో చాలా ఇంజన్లలో ఒక కన్వర్టరుకి ఒక బోగీ. అంటే మూడు మోటార్లూ ఒకే తీగల మీద పక్కపక్కన ఉన్నట్టు, ఒకే వోల్టేజీ, ఒకే ఫ్రీక్వెన్సీ. ఒక మోటారు వైండింగు భూమికి తగిలితే దాన్ని మాత్రం విడదీసే స్విచ్చు మధ్యలో లేదు, కన్వర్టరే ఆగాలి. ఇరుసుకొక ఇన్వర్టరు పెట్టినవాటిలో మీరన్నట్టు ఐదుతో రావచ్చు.

జరిగే క్రమం ఇది. లోపం రాగానే తెర మీద సందేశం వస్తుంది, లోపదీపం వెలిగి ఆరుతుంది. పైలట్ సందేశం చదివి గుర్తింపు బటను నొక్కుతారు. చాలా లోపాలకి కంట్రోలే ఆ బోగీని పక్కన పెట్టేస్తుంది. లేకపోతే లాగుడు హ్యాండిల్ సున్నాకి తెచ్చి, వీసీబీ తెరిచి, మెషిన్ రూములో ఎస్‌బీ1 పెట్టెమీద 154 నంబరు తిప్పుడు స్విచ్చుని పాడైన బోగీ నంబరు మీదకు తిప్పి, మళ్లీ వీసీబీ మూస్తారు. వీసీబీ తెరవకుండా 154 ముట్టుకోకూడదు. ఏ బోగీయో సందేశంలో సరిచూసుకోకుండా తిప్పితే మంచి బోగీ పోయి చెడ్డది మిగులుతుంది, అప్పుడు బండి అసలు కదలదు.

మిగిలేది సగం లాగుడు, 230. పైన సామర్లకోట గారి లెక్కలో చదును మీద నిండు రేకుకి ఇంజనుతో సహా 192 కావాలి కదా, కాబట్టి మన వైపు నెమ్మదిగానైనా కదిలి స్టేషను చేరొచ్చు. ఎక్కుడున్న సెక్షన్లోకి పంపాలంటే వెనక సాయం ఇంజను కావాలి.

మూడు మోటార్లు ఒకే కన్వర్టరు మీద ఉండటంతో ఇంకో చిక్కుంది, చక్రాల వ్యాసం. ఇండక్షన్ మోటారు టార్కు ఇచ్చేది స్లిప్పు (కరెంటు ఫ్రీక్వెన్సీ వేగానికంటే మోటారు కాస్త వెనకబడటం) ఉంటేనే, ఆ స్లిప్పు ఒకటి రెండు శాతమే. ఒకే బోగీలో ఒక చక్రం అరిగి మిగతావాటికంటే అర శాతం, అంటే ఐదు మి.మీ. చిన్నదైందనుకోండి. అది మిగతావాటికంటే అర శాతం ఎక్కువ తిరగాలి, దాని స్లిప్పు ఆమేరకు తగ్గిపోతుంది, పని తగ్గిపోతుంది. ఆ పనంతా పెద్ద చక్రం మోటార్ల మీద పడుతుంది, అవి వేడెక్కుతాయి, జారేవీ అవే. బ్రేకు వేసినప్పుడు సరిగ్గా తిరగబడుతుంది, చిన్న చక్రానిది ఎక్కువ పని. అందుకే ఒక చక్రం టర్నింగు చేస్తే బోగీలో మిగతావాటిని కూడా దానికి సరిపోయేలా కోస్తారు, కొత్త వ్యాసం కంట్రోల్లో నమోదు చేస్తారు. పాత వ్యాప్-4 లాంటి డీసీ సిరీస్ మోటార్లు ఈ తేడాని కొంత ఓర్చుకుంటాయి, ఇవి ఓర్చుకోవు.

పాంటో పైకి:

జారుడు మాట వచ్చింది కాబట్టి. మన దగ్గర జారుడు ఎక్కువయ్యేది కుండపోతలో కాదు, మొదటి నాలుగు చినుకులప్పుడూ, ధనుర్మాసం మంచులోనూ. జోరువాన పట్టాని కడిగేస్తుంది. చిరుతడి మాత్రం దుమ్ముతో కలిసి పలచటి జిడ్డు చేస్తుంది. అప్పుడు ఇసుకే దిక్కు, అది ఆరబోసి జల్లించిన ఇసుకై ఉండాలి. తడిగా నింపితే ఇసుక పెట్టెలో బానే కనిపిస్తుంది, గొట్టం నోటి దగ్గర ముద్దకట్టేస్తుంది, మీట నొక్కితే గాలి మాత్రమే వస్తుంది. పెట్టె నిండిందా అని కాదు, నొక్కినప్పుడు చక్రం ముందు పట్టా మీద పడుతోందా అని చూడాలి.

ఆ మంచు పైకప్పు ఇన్సులేటర్లకీ శత్రువే. నరసాపురం, మచిలీపట్నం, కాకినాడ వైపు ఉప్పుగాలి, పోర్టు దగ్గర బొగ్గు ధూళి. ఎండలో ఆ పొర ఏమీ చేయదు. తెల్లారుజామున మంచు దాన్ని తడపగానే కరెంటు దారి అవుతుంది, 25 కేవీ ఇన్సులేటరు మీదుగా పాకి ఫ్లాష్ అవుతుంది, సబ్‌స్టేషనులో ఫీడరు ట్రిప్పవుతుంది. పింగాణీ అయితే తుడుపు మధ్య ఎడం తగ్గించాలి. నీటిని బొట్లుగా విడగొట్టే సిలికాన్ ఇన్సులేటర్లు ఇక్కడికి మేలు. ఫోటోల కోసం తిరిగే కుర్రాళ్లకి ఒక మాట: ఆగి ఉన్న ఇంజను నిచ్చెన ఒక్క మెట్టు కూడా ఎక్కొద్దు. పాంటో (పైతీగని తాకి కరెంటు తీసుకునే చట్రం) దించి ఉన్నా పైన తీగలో 25,000 వోల్టులుంటాయి, తీగని ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికి వెళ్తే చాలు.

గోస్తనీ కాలవ:

మంచి చర్చండీ. వ్యాప్-5 కూడా ఈ కుటుంబమే కదా, అది 160 పోతుంటే వ్యాప్-7ని ఎందుకు పోనివ్వరు?

సామర్లకోట లూప్‌లైన్:

ఒప్పందం ఒక్కటే, ఎలక్ట్రానిక్సు దగ్గరి చుట్టం, కానీ కింది భాగం వేరండీ. వ్యాప్-5కి నాలుగే ఇరుసులు, 78 టన్నులు, మోటారు ఒక్కోటి 1,150 కిలోవాట్లు. వ్యాప్-7లో మోటారు బరువులో ఒక భాగం నేరుగా ఇరుసు మీదే వేలాడుతుంది, స్ప్రింగులకి కింద ఉన్న ఆ బరువు ప్రతి జాయింటు దగ్గరా పట్టాని కొడుతుంది, వేగం పెరిగేకొద్దీ ఆ దెబ్బ ఇంకా పెరుగుతుంది. వ్యాప్-5లో మోటారు పూర్తిగా బోగీ ఫ్రేముకి వేలాడుతుంది, టార్కు బోలు షాఫ్టు, వంగే కప్లింగు మీదుగా ఇరుసుకి వెళ్తుంది. అందుకే 67:35:17 అని మూడు చక్రాల గేరు. వ్యాప్-7ని ప్రయోగాల్లో 160 దాకా పరుగెత్తించారు, రోజూ నడపడం వేరే సంగతి, పట్టాకి పడే దెబ్బ లెక్కలోకొస్తుంది. బదులుగా వ్యాప్-5 కదిలేటప్పుడు ఇచ్చేది 258 కిలోన్యూటన్లే. 24 పెట్టెల బండి ఊరూరా ఆగుతూ పోవాలంటే వ్యాప్-7కే నా ఓటు.